న్యూపోర్ట్ నుంచి కాటలీనాకు: తొలిసారి సముద్రం దాటే ముందు పవర్‌బోటును సిద్ధం చేసుకోవడం

ఆకాశం తేటగా ఉన్న రోజు దక్షిణ కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ ఒడ్డున నిలబడితే కాటలీనా ద్వీపం కొండలు ఎంత దగ్గరగా కనిపిస్తాయంటే, "ఇదేం దూరం, గంటలో వెళ్లి రావచ్చు" అనిపిస్తుంది. హార్బర్ ముఖద్వారం నుంచి ద్వీపంలోని అవలాన్ ఊరి రేవుకు దాదాపు 26 నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు). 25 నాట్స్ వేగంతో, అంటే గంటకు 25 నాటికల్ మైళ్లు పోయే బోటుకు నిజంగానే గంట పైచిలుకు పని. అయితే మధ్యలో ఉన్న శాన్ పెడ్రో ఛానెల్ అనే జలసంధి కొన్నిచోట్ల 800 మీటర్లకు పైగా లోతుంటుంది. అక్కడ ఇంజిన్ ఆగిపోతే లంగరు వేసుకుని కూర్చునే వీలుండదు, గాలి ఎటు తోస్తే అటు పోవడమే. సెల్‌ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్ పోర్టులకు వచ్చే పెద్ద ఓడల దారి కూడా అదే.

న్యూపోర్ట్ పక్కనున్న ఇర్వైన్ ఊరి చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో కూడా 22 నుంచి 26 అడుగుల బోట్లు కొనుక్కున్నవాళ్లు కనిపిస్తున్నారు. హార్బర్ లోపల కొన్నాళ్లు తిప్పాక అందరికీ పుట్టే మొదటి కోరిక కాటలీనా. ఆ కోరిక పుట్టగానే చాలామంది సామాన్ల దుకాణం మీద పడతారు. నన్నడిగితే సామాన్ల కంటే ముందు చేయాల్సిన పని వేరే ఉంది. బోటులో చెడిపోయే గుణం ఉన్నది ఏదైనా ఉంటే అది ఒడ్డు పక్కనే చెడిపోయేలా చూసుకోవాలి. ఛానెల్ మధ్యలో మీ బోటు గురించి మీకు కొత్తగా తెలియాల్సిందేమీ మిగలకూడదు. కింద చెప్పే మెట్లన్నీ ఆ పని కోసమే. అవుట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక బయటికి బిగించేది) ఉన్న 24 అడుగుల పెట్రోలు బోటును మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి మెట్టు: నెల ముందు ఇంజిన్ పని

సముద్రంలో ఆగిపోయే బోట్లలో చాలావాటికి రోగం ఫ్యూయల్ దగ్గరో, బ్యాటరీ దగ్గరో, కూలింగ్ దగ్గరో ఉంటుంది. వీటిలో ఫ్యూయల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కాలిఫోర్నియాలో బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను లాగేస్తుంది. బోటు నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. హార్బర్‌లో నెమ్మదిగా తిప్పినంతసేపూ ఏమీ తెలియదు. బయట కెరటాలకు బోటు ఎగిరెగిరి పడేసరికి అడుగున ఉన్నదంతా కలిసి నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. అందుకే ఇలాంటి ట్రబుల్ సరిగ్గా రాకూడని చోటే వస్తుంది.

దీన్ని కనిపెట్టడం తేలికే. ఇంజిన్‌కు ముందు డబ్బాలా ఉండే ఫిల్టరే ఫ్యూయల్ వాటర్ సెపరేటర్. దాన్ని విప్పి, లోపలి పెట్రోలును తేటగా ఉన్న గాజు సీసాలోకి ఒంపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీరు ఉంటే అడుగున వేరే పొరగా తేరుకుంటుంది, మధ్యలో గీత గీసినట్టు తెలుస్తుంది. చుక్క, రెండు చుక్కలైతే కొత్త ఫిల్టర్ బిగించి ముందుకు వెళ్లొచ్చు. మందంగా పొర కడితే ట్యాంకు శుభ్రం చేయించేదాకా ట్రిప్పు మాటే ఎత్తొద్దు. కొత్త ఫిల్టర్ 10 మైక్రాన్‌ది కొనండి, అలాంటిదే ఇంకొకటి బోటులో ఉంచండి. దాన్ని మార్చడం మెకానిక్ వచ్చినప్పుడు చూసి సరిపెట్టుకోవద్దు, మీ చేత్తో ఒకసారి విప్పి బిగించండి. విప్పే రెంచ్ కూడా బోటులోనే ఉండాలి.

కూలింగ్ పంపులో ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. ఎన్నాళ్ల కిందట మార్చారో మీకు గుర్తు లేకపోతే ఇప్పుడు మార్చాల్సిన టైమ్ వచ్చినట్టే. గేర్ ఆయిల్ కొంచెం బయటకు తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే సీల్ పోయి లోపలికి నీరు వెళ్తోందని అర్థం. ఉప్పునీటికి ఇంజిన్ లోహం బదులు తాము కరిగిపోయే జింక్ ఆనోడ్లు సగానికి పైగా కరిగి ఉంటే మార్చేయండి.

బ్యాటరీలు రెండు ఉండాలి, మధ్యలో స్విచ్ ఉండాలి. రెండూ విడివిడిగా ఇంజిన్‌ను స్టార్ట్ చేయగలగాలి. షాపులో లోడ్ టెస్ట్ చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది, వోల్ట్ మీటర్ ఒక్కటే చూసి నమ్మలేం. బోటు అడుగున నీరు చేరే చోటును బిల్జ్ అంటారు. ఆ నీటిని తోడే బిల్జ్ పంపును స్విచ్ నొక్కి శబ్దం విని వదిలేయడం చాలామందికి అలవాటు. అలాకాదు, బకెట్టుతో నీళ్లు పోసి, ఫ్లోట్ దానంతటది లేచి పంపు నడుస్తోందో లేదో, నీళ్లు బయటికి పడుతున్నాయో లేదో కళ్లారా చూడండి. నీటి మట్టానికి కింద ఉన్న ప్రతి పైపుకూ క్లాంప్ గట్టిగా ఉందో లేదో చేత్తో తడిమి చూడండి.

రెండో మెట్టు: డానా పాయింట్ దాకా వెళ్లి రండి

ఈ గైడ్‌లో ఒక్క సలహానే గుర్తు పెట్టుకుంటామంటే ఇది పెట్టుకోండి. న్యూపోర్ట్ నుంచి తీరం వెంబడి దక్షిణంగా డానా పాయింట్ హార్బర్ 12, 13 నాటికల్ మైళ్లుంటుంది. అక్కడిదాకా వెళ్లి వస్తే అవలాన్‌కు ఒకవైపు ప్రయాణమంత దూరమవుతుంది. అదే నీరు, దాదాపు అవే కెరటాలు. తేడా ఏమిటంటే పక్కనే తీరం ఎప్పుడూ కనిపిస్తుంది, రెండు వైపులా హార్బర్లు ఉన్నాయి, ఏదైనా ఆగిపోతే లాక్కెళ్లే టోయింగ్ బోటు త్వరగా వస్తుంది.

ఈ ప్రయాణాన్ని షికారులా కాకుండా పరీక్షలా చేయండి. బయల్దేరే ముందు ట్యాంకు నిండా కొట్టించండి. కాటలీనాకు ఏ వేగంతో వెళ్లాలనుకుంటున్నారో ఆ ఆర్‌పీఎంలోనే ఆపకుండా నడపండి. ఎంతమందిని తీసుకెళ్లాలనుకుంటున్నారో అంత బరువు ఎక్కించండి. మనుషులు దొరక్కపోతే నీళ్ల క్యాన్లు పెట్టండి. అరగంటకోసారి ఇంజిన్ టెంపరేచర్, వోల్టేజీ రాసుకోండి. మధ్యలో ఒకసారి ఆగి బిల్జ్‌లోకి తొంగి చూడండి. నీరు చేరి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా పెద్ద ప్రయాణం లేదు. తిరుగు దారిలో జీపీఎస్ ఆపేసి కొంతసేపు కంపాస్ చూసుకుంటూ నడపండి. బోటును నిలిపి కెరటాలకు అడ్డంగా ఊగనిచ్చి, ఏ సామాను ఎటు జారుతోందో కూడా గమనించండి. ఫిష్‌ఫైండర్ స్క్రూలు వదులైనట్టు, ఐస్‌బాక్స్ కట్టలేదన్నట్టు తెలిసేది అప్పుడే.

తిరిగొచ్చాక మళ్లీ ట్యాంకు నింపండి. ఎన్ని గ్యాలన్లు పట్టిందో అదే మీ బోటు అసలు మైలేజీ. కంపెనీ బ్రోషర్‌లో ఉన్న అంకె ఖాళీ బోటుకు, కదలని నీళ్లకు వేసింది. దానితో మనకు పని లేదు.

మూడో మెట్టు: ఫ్యూయల్ లెక్క

ఇందులో పాత సూత్రమే మంచిది. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టడానికి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డానా పాయింట్ దాకా వెళ్లి వచ్చిన 25 మైళ్లకు 16 గ్యాలన్లు పట్టిందనుకోండి. అంటే గ్యాలన్‌కు సుమారు ఒకటిన్నర నాటికల్ మైలు. అవలాన్ రానుపోను 53 మైళ్లు, ద్వీపం పక్కన కొంచెం తిరగడానికి ఇంకో 12 వేస్తే 65 మైళ్లు. దానికి 42 గ్యాలన్లు కావాలి. అది మూడింట రెండు వంతులే కాబట్టి మొత్తం 63 గ్యాలన్లు. ట్యాంకు అడుగున కొంత ఎప్పటికీ పైపుకు అందదు కాబట్టి 70 గ్యాలన్ల ట్యాంకు లేనిదే ఈ బోటుతో ఇంకెక్కడా నింపకుండా వెళ్లి రాకూడదు. అవలాన్‌లో, ద్వీపంలోనే ఉన్న ఇంకో రేవు టూ హార్బర్స్‌లో ఫ్యూయల్ డాక్‌లు ఉన్నాయి, ధర మాత్రం ఒడ్డు కంటే బాగా ఎక్కువ. అవి ఉన్నాయన్న ధైర్యం మంచిదే గానీ లెక్కను దాని మీద కట్టొద్దు.

ఇంకో సంగతి. కెరటాలు పెద్దవై, బోటు నీటి మీద తేలి పరిగెత్తే వేగం అందుకోలేకపోతే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మూడో వంతు పక్కన పెట్టేది అందుకే.

నాలుగో మెట్టు: చట్టం అడిగేవి, సముద్రం అడిగేవి

చట్టం అడిగే వస్తువులు చాలా తక్కువ. ఒక్కొక్కరికీ సైజు సరిపోయే లైఫ్ జాకెట్, విసరడానికి వీలైన రింగో కుషనో ఒకటి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పగలూ రాత్రీ పనికొచ్చే ఆపద సంకేతాలు, హారన్ లేదా విజిల్, లైట్లు. మంటతో వెలిగే ఫ్లేర్లు తయారైన 42 నెలలకు గడువు తీరిపోతాయి. వాడి పారేసే రకం ఎక్స్‌టింగ్విషర్ అయితే డబ్బా మీద ఉన్న సంవత్సరం నుంచి 12 ఏళ్లే పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ బోటు కొన్నవాళ్లు ఈ రెండు తేదీలూ తప్పక చూడాలి. 26 అడుగుల లోపు బోట్లకు నడిపేవాళ్లు పడిపోతే ఇంజిన్‌ను ఆపేసే కటాఫ్ తాడు తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. 2025 నుంచి కాలిఫోర్నియాలో ఏ వయసువాళ్లయినా మోటారు బోటు నడపాలంటే బోటర్ కార్డు ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ వాలంటీర్లు ఉచితంగా వచ్చి చూసి చెబుతారు. లోపాలుంటే ఫైన్ వేయరు. ఈ సదుపాయాన్ని వాడుకోకపోవడం తెలివితక్కువ.

సముద్రం అడిగే వస్తువుల్లో మొదటిది రేడియో. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ రేడియోకు 5, 6 వాట్ల శక్తి ఉంటుంది, బోటుకు బిగించేదానికి 25 వాట్లు. అన్నిటికంటే ముఖ్యం యాంటెన్నా ఎత్తు. అందుకే బిగించిన రేడియో ఒకటి, దానికి తోడుగా చేతిది ఒకటి ఉండాలి. బిగించిన రేడియోకు మూత కింద ఎర్ర బటన్ ఉంటుంది. దాన్ని తెరిచి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మీ బోటు వివరాలు, మీరున్న చోటు కోస్ట్ గార్డ్‌కు వెళ్లిపోతాయి. అయితే ఒక మెలిక ఉంది. ఆ రేడియోలో మీ ఎంఎంఎస్ఐ నంబరు (మీ బోటు రేడియోకు ఇచ్చే గుర్తింపు నంబరు) ఎక్కించి ఉండాలి, దానికి జీపీఎస్ అందుతూ ఉండాలి. చాలా బోట్లలో ఈ రెండింట్లో ఏదో ఒకటి ఉండదు, బటన్ మాత్రం దర్జాగా ఉంటుంది. స్క్రీన్ మీద మీ అక్షాంశ రేఖాంశాలు కనిపిస్తున్నాయో లేదో ఇప్పుడే చూడండి. కనిపించకపోతే వెనక రెండు వైర్లు కలపాల్సి ఉంటుంది.

రెండోది 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ. ఇది అరచేతిలో పట్టేంత పెట్టె, ఉపగ్రహం ద్వారా సాయం అడుగుతుంది. రిజిస్ట్రేషన్ అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) దగ్గర ఉచితం. దీన్ని సామాన్ల సంచిలో పెట్టొద్దు, నడిపేవాళ్ల లైఫ్ జాకెట్‌కే తగిలించాలి. మూడోది టోయింగ్ మెంబర్‌షిప్. ప్రాణాపాయం లేకుండా ఇంజిన్ మాత్రమే ఆగిపోతే కోస్ట్ గార్డ్ మామూలుగా మిమ్మల్ని లాక్కురాదు. ప్రైవేటు టోయింగ్ వాళ్లు రావాలి, వాళ్ల బిల్లు గంటల లెక్కన ఉంటుంది. ఛానెల్ మధ్య నుంచి ఒక్కసారి లాక్కొస్తే అయ్యే బిల్లు ముందు ఏడాది సభ్యత్వం రుసుము చిల్లరలా కనిపిస్తుంది.

వీటికి తోడు కొన్ని చిన్న వస్తువులు: అదనపు ప్రొపెల్లర్, దాని నట్టు, పిన్ను, ఫ్యూజులు, చెక్క బిరడాలు, పదునైన కత్తి, టార్చి, పొడవైన తాడుతో లంగరు. ద్వీపం పక్కన నీరు ఒడ్డుకు బాగా దగ్గరగా వెళ్లేదాకా లోతుగానే ఉంటుంది. లోతుకు కనీసం ఐదు రెట్లు తాడు వదలాలి కాబట్టి హార్బర్‌లో సరిపోయిన తాడు అక్కడ చాలకపోవచ్చు.

ఐదో మెట్టు: మనుషులు

బోటు నడిపే మనిషికే ఏదైనా అయితే? ఈ ప్రశ్న ఇంట్లో ఒకసారి గట్టిగా వేసుకోండి. రెండో మనిషికి మూడు పనులు రావాలి. ఇంజిన్ ఆపడం, మళ్లీ స్టార్ట్ చేయడం. స్క్రీన్ మీద అక్షాంశ రేఖాంశాలు చదవడం. ఆపద కబుర్లకు పెట్టిన రేడియో ఛానెల్ 16లో మాట్లాడడం. ఆ మాటల్ని కాగితం మీద రాసి రేడియో పక్కన అతికించండి: "మేడే, మేడే, మేడే," తర్వాత బోటు పేరు మూడుసార్లు, తర్వాత ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు. ప్రాణాపాయం లేకపోయినా సాయం కావాలంటే "మేడే" బదులు "పాన్ పాన్" అని మూడుసార్లు. టెన్షన్‌లో గుర్తు రావు, చదివితే చాలు.

లైఫ్ జాకెట్ల సంగతి మనవాళ్లకు విడిగా చెప్పాలి. మనలో ఈత రానివాళ్లు ఎక్కువ. ఒప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లు ఇంకా ఎక్కువ. ఈత రాని పెద్దవాళ్లకు గాలితో ఉబ్బే సన్నటి జాకెట్ వద్దు, ఫోమ్‌దే ఇవ్వండి. ఉబ్బేవి 16 ఏళ్ల లోపు పిల్లలకు ఎలాగూ పనికిరావు. బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్ల లోపువాళ్లు జాకెట్ తొడుక్కునే ఉండాలని కాలిఫోర్నియా చట్టం. మీ బోటులో మాత్రం అందరికీ ఆ రూలే పెట్టండి. అత్తగారు చీర మీద జాకెట్ బిగించుకుంటే కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి, చున్నీ రెయిలింగ్‌కు చిక్కుకుంటుంది. ప్యాంటు, షర్టు వేసుకోమని ముందు రోజే చెప్పాలి. ఎండాకాలంలో కూడా అక్కడి నీరు 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ దాకానే ఉంటుంది. అందులో హఠాత్తుగా పడితే ఊపిరి బిగుసుకుపోతుంది, ఈత వచ్చినవాళ్లకైనా మొదటి నిమిషం కష్టమే.

వాంతుల మాత్ర బోటెక్కాక వేసుకుంటే లాభం లేదు, బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. మందులు వాడే పెద్దవాళ్లయితే డాక్టర్ని అడిగి వేసుకోవాలి. ఇక తిండి. ఎవరో ఒకరు బిర్యానీ తెస్తామంటారు. ఊగే బోటులో ఆ మసాలా వాసనకే సగంమంది పడిపోతారు. పులిహోర, పెరుగన్నం, అల్లం మురబ్బా హాయిగా ఉంటాయి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు ఇంకో మాట. కాటలీనా లాస్ ఏంజిలిస్ కౌంటీలో భాగం కాబట్టి ఇమిగ్రేషన్, కస్టమ్స్ పనేమీ లేదు. అదే ఊపులో దక్షిణంగా మెక్సికో నీళ్లలోని ద్వీపాలకు వెళ్దామంటే మాత్రం వీసా వ్యవహారం పూర్తిగా మారిపోతుంది.

ఆరో మెట్టు: రోజును ఎంచుకోవడం

ఈ ఛానెల్‌లో మామూలుగా పొద్దున గాలి నెమ్మదిగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి పడమటి గాలి లేస్తుంది, మూడు నాలుగు గంటలకు నీటి మీద తెల్ల నురగ మొదలవుతుంది. మే, జూన్ నెలల్లో పొద్దున్నే మంచు మబ్బు కమ్ముకుంటుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. మబ్బు విడిచేదాకా ఆగితే పది, పదకొండు అవుతుంది. అప్పుడు బయల్దేరితే తిరుగు ప్రయాణం సరిగ్గా గాలి జోరు మీదున్నప్పుడు పడుతుంది. రాడార్ లేని బోటుతో మబ్బులో ఓడల దారి దాటడం మంచిది కాదు. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా, ఒక రాత్రి అక్కడే ఉండి మర్నాడు పొద్దున్నే తిరిగి రండి. ఒక్క రోజులోనే రావాల్సి వస్తే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో తెల్లవారి తేటగా ఉన్న రోజు చూసుకుని, మధ్యాహ్నం లోపే అవలాన్ నుంచి కదలండి.

నేషనల్ వెదర్ సర్వీస్ ఈ నీళ్లకు విడిగా సూచన ఇస్తుంది. అందులో గాలి వేగం, కెరటాల ఎత్తు, రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్లో చూడాలి. చాలామంది ఎత్తు చూసి ఆగిపోతారు. మూడు అడుగుల కెరటం 13 సెకన్లకోసారి వస్తే బోటు ఊయలలా లేచి దిగుతుంది, పిల్లలు నిద్రపోతారు. అదే మూడు అడుగులు 5 సెకన్లకోసారి వస్తే వెన్నుపూస లెక్కపెట్టుకోవాల్సిందే. సూచన చదివాక శాన్ పెడ్రో దగ్గరి 46222 నంబరు బోయ్ (కెరటాలను కొలిచే తేలుడు పరికరం) ఆ గంటలో ఏం చూపిస్తోందో పోల్చి చూడండి.

"స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ ఏమీ లేదు కదా" అని ధైర్యం తెచ్చుకోవద్దు. ఈ తీరంలో ఆ హెచ్చరిక సాధారణంగా గాలి 21 నాట్స్‌కు చేరితే గానీ రాదు. 24 అడుగుల బోటుకు, కొత్త మనిషికి 15 నాట్స్ గాలే చుక్కలు చూపిస్తుంది. తొలిసారికి నేను పెట్టే గీత ఇది: వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడా గాలి 10 నాట్స్ లోపు, కెరటాలు 3 అడుగుల లోపు. ఈ అంకెను ముందు రోజు రాత్రే కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ వినిపించండి. ఎందుకంటే చుట్టాలు దిగి, పులిహోర కలిపి, పిల్లలు టోపీలు పెట్టుకుని రెడీ అయ్యాక "ఈ రోజు వద్దు" అనడం మనవాళ్లకు మహా కష్టం. "వచ్చే వారం వాళ్ల ఫ్లైటు" అన్న మాట కెరటాలకు వినపడదు.

అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకో ప్రమాదం ఉంది, శాంటా ఆనా గాలులు. ఇవి ఎడారి వైపు నుంచి, ఈశాన్యం నుంచి వస్తాయి. అవలాన్ రేవు తెరుచుకుని ఉండేది సరిగ్గా ఆ దిక్కుకే. 2014 డిసెంబర్ 30న వచ్చిన ఈశాన్య గాలికి అవలాన్ రేవులో బోట్లు ఒడ్డుకు కొట్టుకుపోయాయి, ఇద్దరు చనిపోయారు. ఈ గాలి సూచన ఉంటే ఆ వారం కాటలీనా మాట మర్చిపోండి.

ఏడో మెట్టు: దాటడం

ఎక్కడికి, ఎవరెవరు, ఏ టైముకు తిరిగి వస్తారో ఒడ్డున ఉన్న ఒకరికి మెసేజ్ పెట్టండి. "సాయంత్రం ఐదింటికి నా ఫోన్ రాకపోతే ముందు నాకు, తర్వాత అవలాన్ హార్బర్ ఆఫీసుకు, అక్కడా తెలియకపోతే కోస్ట్ గార్డ్‌కు చెయ్యి" అని వరస కూడా రాయండి. "సాయంత్రానికి వచ్చేస్తాం" అంటే ఎప్పుడు కంగారు పడాలో ఎవరికీ తెలియదు.

హార్బర్ దాటాక నైరుతి దిక్కుగా వెళ్లాలి. కంపాస్ మీద సుమారు 225 డిగ్రీలు. హార్బర్ బయట మొదటి మైలులోనే ఆగి, ఇంజిన్ శబ్దం, టెంపరేచర్, బిల్జ్ ఒకసారి చూసుకోండి. తేడా ఉంటే వెనక్కి తిరగడానికి అదే మంచి చోటు.

మధ్యలో ఓడల దారి వస్తుంది. చార్టులో ఊదా రంగు గీతలతో ఉంటుంది, పోయే ఓడలకు ఒకటి, వచ్చే ఓడలకు ఒకటి, మధ్యలో ఖాళీ. నియమం ప్రకారం దాన్ని వీలైనంత నిటారుగా అడ్డంగా దాటాలి, ఏటవాలుగా దాని వెంట పోకూడదు. 20 మీటర్ల లోపు బోటు ఆ దారిలో వెళ్లే ఓడకు అడ్డు రాకూడదు. 20 నాట్స్‌తో వచ్చే ఓడకు ఒక మైలు అంటే మూడు నిమిషాలు. దూరాన అగ్గిపెట్టెలా కనిపించింది అంతలోనే మీ మీద ఉంటుంది. అది మిమ్మల్ని గుద్దుతుందో లేదో చూడడానికి పరికరం అక్కర్లేదు. మీ బోటు దిశ మార్చకుండా, రెయిలింగ్‌లో ఒక కడ్డీకి సూటిగా ఓడను పెట్టుకుని చూడండి. కాసేపటికి అది కడ్డీకి ముందుకో వెనక్కో జరిగితే దారి వేరు. కడ్డీ దగ్గరే ఉండి పెద్దదవుతుంటే ఇద్దరూ ఒకే చోటికి వెళ్తున్నట్టే. వెంటనే వేగం తగ్గించి, ఓడ వెనక నుంచి దాటండి. ముందు నుంచి దాటేద్దామన్న ఆలోచనే రాకూడదు. అది వదిలిన కెరటాలు కూడా కాసేపటికి వస్తాయి, వాటిని పక్కగా కాకుండా కొంచెం ఏటవాలుగా, నెమ్మదిగా ఎక్కండి.

ఇంకోటి కెల్ప్. గోధుమరంగు సముద్రపు నాచు తీగలు చాపల్లా తేలుతూ వస్తుంటాయి. ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే వణుకు మొదలవుతుంది, నీళ్లు లాగే రంధ్రానికి అడ్డం పడితే టెంపరేచర్ పెరుగుతుంది. న్యూట్రల్‌లోకి తెచ్చి, కాసేపు రివర్స్ ఇస్తే చాలాసార్లు విడిపోతుంది. విడిపోకపోతే ఇంజిన్ ఆపేసి, పైకి లేపి, కత్తితో తీసేయాలి. తిమింగలాలు కనిపిస్తే కనీసం వంద గజాల దూరం ఉంచండి. ఫొటోల కోసం నడిపేవాళ్లు మాత్రం స్టీరింగ్ వదలొద్దు.

ఎనిమిదో మెట్టు: అవలాన్‌లో బోటు కట్టడం

నిజానికి చాలామందికి చెమటలు పట్టేది ఇక్కడ. వారాంతాల్లో మూరింగ్‌లు (రేవు నీళ్లలో బోటు కట్టుకునే చోట్లు) నిండిపోతాయి కాబట్టి ముందే హార్బర్ ఆఫీసుతో మాట్లాడుకోండి. దగ్గరికి రాగానే రేడియోలో ఛానెల్ 12లో పిలవండి (టూ హార్బర్స్‌కు వెళ్తే ఛానెల్ 9). రేవు ముఖద్వారం దగ్గర హార్బర్ గస్తీ బోటు వచ్చి మీ బోటు పొడవు, ఎన్ని రాత్రులు అని అడిగి, మూరింగ్ నంబరు ఇస్తుంది. బోటులో టాయిలెట్ ఉంటే అందులో రంగు బిళ్ల వేసి వెళ్తారు. మురుగు బయటకు వదిలితే నీళ్లకు రంగు వచ్చి పట్టుబడిపోతారు.

మూరింగ్ దగ్గర బోటుకు ముందూ వెనకా రెండు వైపులా కట్టాలి. నీళ్లలో నిటారుగా తేలే పొడవాటి కర్ర ఉంటుంది, దాన్ని వాండ్ అంటారు. నెమ్మదిగా దాని పక్కకు వెళ్లండి. ముందు భాగంలో నిలబడ్డవాళ్లు కర్ర అందుకుని పైకి లాగితే దాని వెంట లావు తాడు ఉచ్చు వస్తుంది. దాన్ని ముందున్న క్లీట్‌కు, అంటే తాడు కట్టే లోహపు కొమ్ముకు తగిలించాలి. ఆ ఉచ్చుకు కట్టి ఇంకో సన్నటి తాడు నీళ్లలోకి దిగి ఉంటుంది, పేరు శాండ్ లైన్. ఇసుకా నాచూ పట్టి, జారుతూ, కొన్నిచోట్ల గవ్వలు గీరుకునేలా ఉంటుంది. దాన్ని వదలకుండా చేతులు మార్చుకుంటూ బోటు పక్క నుంచి వెనక్కి నడవాలి. వెనక రెండో ఉచ్చు పైకి వస్తుంది, లాగి బిగించి వెనక క్లీట్‌కు తగిలించాలి. గ్లవ్స్ లేకుండా ఈ పని చేస్తే ఆ సాయంత్రం అన్నం కలుపుకోలేరు. శాండ్ లైన్ చేతిలో ఉన్నంతసేపూ ఇంజిన్ న్యూట్రల్‌లోనే ఉండాలి. ఆ తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే రేవంతా మీ వైపే చూస్తుంది. పక్క బోటుకు రాసుకోకుండా రెండు పక్కలా ఫెండర్లు (గాలి దిండ్లు) వేలాడదీయండి, ఎవరు ఏం చేయాలో రేవులోకి రాకముందే చెప్పేయండి. అక్కడ కేకలేసుకునే దంపతులకు కొదవ లేదు.

విప్పేటప్పుడు వెనకది ముందు, ముందుది తర్వాత. తాళ్లు పూర్తిగా మునిగేదాకా గేరు వేయొద్దు.

తొమ్మిదో మెట్టు: తిరుగు ప్రయాణం

తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి, కొంచెం ఎడమగా తగులుతుంది. వెళ్లేటప్పటి కుదుపులు ఉండవు కాబట్టి సుఖంగా అనిపిస్తుంది, వేగం పెరిగిపోతుంది. కెరటం దిగేటప్పుడు బోటు ముక్కు ముందున్న కెరటంలో దిగబడి పక్కకు తిరిగిపోయే ప్రమాదం ఇక్కడే. ట్రిమ్ (ఇంజిన్ వాలు) కొంచెం పైకి పెట్టి ముక్కు తేలిగ్గా ఉంచండి. వేగం తగ్గించి, కెరటం వీపు మీదే ఉండేలా నడపండి. సామాను ముందు భాగంలో కుప్పగా పెట్టొద్దు.

న్యూపోర్ట్ రాతి గోడల మధ్యకు వచ్చేసరికి ఆదివారం సాయంత్రం వందల బోట్లు ఒకేసారి లోపలికి వస్తుంటాయి. లోపల వేగం గంటకు 5 మైళ్లే. బోటు కట్టగానే ఒడ్డున ఉన్న మనిషికి "చేరాం" అని ఫోన్ చేయండి. ఇది మర్చిపోతే అనవసరంగా మీకోసం వెతుకులాట మొదలవుతుంది. తర్వాత ఇంజిన్‌లోకి మంచినీళ్లు పెట్టి కడగండి, బిల్జ్ చూడండి, ట్యాంకు నింపండి. పట్టిన గ్యాలన్లను డానా పాయింట్ లెక్కతో పోల్చండి. తేడా పది శాతం దాటితే కెరటాల వల్లా, బరువు వల్లా, ఇంజిన్ వల్లా అన్నది తేల్చుకున్నాకే రెండో ట్రిప్పుకు తేదీ పెట్టుకోండి.